తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలితే తాబేళ్లు పెరిగినట్లేనా?

తీరరేఖ:
ఏటా మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి మన తీరం నుంచి ఒకే రకం వార్త. తీరంలో ఏరిన గుడ్లను ఒకచోట పూడ్చి పొదిగించి, ఇన్ని వేల ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలారు, పక్కన ఒక అధికారి బుట్ట పట్టుకుని నిలబడిన ఫొటో. అదే తీరానికి జనవరి నుంచే వలల్లో చిక్కి చచ్చిన పెద్ద తాబేళ్ల కళేబరాలు కొట్టుకువస్తుంటాయి. వాటి దగ్గర ఎవరూ ఫొటో దిగరు.

సూటిగా అడుగుతున్నాను. వదిలిన పిల్లల సంఖ్య మనం పడిన శ్రమకు లెక్క. ఫలితానికి లెక్క ఎక్కడుంది? ఆ పిల్ల గుడ్లు పెట్టే ఈడుకు రావాలంటే పదేళ్లు దాటుతుంది. 1987లో క్రౌస్, క్రౌడర్, కాస్వెల్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికా తీరపు లాగర్‌హెడ్ తాబేళ్ల మీద లెక్క కట్టి చూశారు. గుడ్లన్నిటినీ నూటికి నూరుపాళ్లు కాపాడినా ఆ జాతి తగ్గుదల ఆగదని, ఈడుకు వస్తున్న తాబేళ్లు సముద్రంలో చావకుండా చూస్తేనే సంఖ్య పుంజుకుంటుందని తేలింది. మన ఖర్చు మాత్రం గుడ్ల చుట్టూనే తిరుగుతోంది.

ఇసుకదిబ్బ:
ఫొటోల సంగతి నాకూ నచ్చదు. కానీ అర్ధరాత్రి టార్చి పట్టుకుని తాబేలు జాడ వెతుక్కుంటూ నడిచేవాళ్లు వేరు, ఫొటో దిగేవాళ్లు వేరు. గూడును ఉన్నచోటే వదిలేస్తే తెల్లవారేసరికి కుక్కలో నక్కలో తవ్వేస్తాయి. ముడుచుకుపోయిన తోలు పెంకులు తప్ప ఏమీ మిగలవు. అప్పుడు ఏ లెక్క కడతారు?

ఆధారం కావాలన్నారు కదా, ఇదిగో. కరీబియన్‌లోని సెయింట్ క్రోయి దీవిలో అలలు కోసుకుపోయే చోట పెట్టిన లెదర్‌బ్యాక్ తాబేళ్ల గుడ్లను ఏళ్ల తరబడి సురక్షిత స్థలానికి మార్చారు. 1980లలో ఏటా 30 లోపే వచ్చిన ఆడ తాబేళ్లు 2001 నాటికి 186 అయ్యాయి. గుడ్లు కాపాడటం దండగైతే ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి?

తీరరేఖ:
మంచి ఉదాహరణ ఇచ్చారు, అందులోనే నా వాదనా ఉంది. వాళ్లు మార్చింది ఎలాగూ నాశనమయ్యే గూళ్లను. లెక్కపెట్టింది వదిలిన పిల్లలను కాదు, తిరిగి వచ్చిన తల్లులను. ప్రతి తల్లికీ గుర్తు వేసి రెండు దశాబ్దాలు చూశారు. మన దగ్గర అలాంటి లెక్క ఉంటే చూపించండి, ఈ చర్చ ఇక్కడితో ముగిస్తాను. పోనీ, కదపకుండా కంచె వేసి వదిలిన గూళ్లు కొన్ని, తెచ్చి పూడ్చినవి కొన్ని పక్కపక్కన పెట్టి ఎందులో ఎన్ని పొదిగాయో పోల్చారా?

ఇంకో మాట. గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లో పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిండం చస్తుంది. పొద్దున్న ఎనిమిదింటికి సంచిలో వేసుకుని మోటారు సైకిల్ మీద తెచ్చిన గుడ్ల గతి ఏమిటి?

ఇసుకదిబ్బ:
అలా తెచ్చేవాళ్లు ఉన్నారు, కాదనను. మా బృందం తల్లి వెళ్లిన వెంటనే తీస్తుంది, పై వైపు పైకే ఉండేలా ఒక్కొక్కటీ బకెట్‌లో ఇసుక మధ్య పేరుస్తుంది. వేడి సంగతి మీరు మరిచిపోయారు, నేనే చెబుతాను. ఇసుక వేడి సుమారు 29 డిగ్రీలు దాటితే పిల్లల్లో ఆడవే ఎక్కువ. అందుకే పైన నీడ వేస్తాం. ఇక పోల్చి చూడటం అంటారా, కంచె వేసిన గూటికి రాత్రంతా కాపలా ఎవరు ఉంటారు? మనుషులు లేకనే కదా అన్నీ ఒకచోటికి తెస్తున్నాం.

లెక్కల మాస్టారు:
ఇద్దరూ సగం సగం పట్టుకున్నారు. మెక్సికోలోని రాంచో నువేవో తీరంలో కెంప్స్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1947లో ఒక్క రోజు తీసిన చలనచిత్రం చూసి 40,000 ఆడ తాబేళ్లని అంచనా కట్టారు. 1966 నుంచి ఆ తీరానికి కాపలా పెట్టారు. అయినా 1985లో దొరికిన గూళ్లు 702. అంటే దాదాపు ఇరవై ఏళ్లు గుడ్లు కాపాడుతుండగానే జాతి కిందికి జారింది. ఆ తర్వాత రొయ్యల వలలకు తాబేలు తప్పించుకునే జాలీ తప్పనిసరి చేశారు. 2009 నాటికి గూళ్లు 20,000 దరిదాపులకు చేరాయి. అయితే ఆ కాపలా లేకపోతే జాలీ వచ్చేనాటికి కాపాడటానికి ఏమైనా మిగిలేదా? ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం.

2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన సమీక్ష 665 సంరక్షణ ప్రయోగాలను చూసి, మూడింట రెండు వంతుల చోట్ల మేలు జరిగిందనో, కనీసం నష్టం నెమ్మదించిందనో చెప్పింది. దాన్ని చూపించి ‘మా పనీ ఫలించింది’ అనడం కుదరదు. మన తీరం ఆ మిగిలిన మూడో వంతులో ఉండవచ్చు.

మన చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆ పాటికి తాబేళ్లు గుడ్లు పెట్టడం చాలావరకు అయిపోతుంది. ఒడిశా వాళ్లు ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 వరకు వేట ఆపుతారు.

మరబోటు:
మాస్టారూ, ఏడు నెలలు బోటు కట్టేస్తే కళాసీల ఇళ్లలో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? జాలీ మాటా నేనే చెబుతాను. వల మెడలో ఇనుప కడ్డీల చట్రం బిగిస్తారు. రొయ్య సందుల్లోంచి దూరి సంచిలో పడుతుంది, తాబేలు కడ్డీలకు తగిలి పక్క కంతలోంచి బయటపడుతుంది. కాగితం మీద బాగుంది. కానీ మేము రొయ్య ఒక్కదాని మీదే బతకం. అదే వలలో పడే పెద్ద చేపా, టేకు చేపా ఆ కంతలోంచే పోతాయి. డీజిల్ ఖర్చు తీర్చేది ఆ చేపే. జాలీ లేదని 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్య కొనడం లేదు. నష్టం మాకు, చెరువు రొయ్యకు ఆ బాధ లేదు.

తీరరేఖ:
ఎంత చేప పోతుందో తూచి చూశారా?

మరబోటు:
తూచలేదు. మీరు తాబేళ్లను లెక్కపెట్టారా? రెండు బోట్లు, ఒకే రోజు, ఒకే లోతు, పక్కపక్కన వల లాగుదాం. ఒకదానికి జాలీ, ఒకదానికి లేదు. మర్నాడు జాలీ మార్చి రెండో దానికి కడదాం. పది రోజులు చేద్దాం. చేప మీరే తూచండి, తాబేలు వస్తే మీరే రాసుకోండి. పోయిన చేపకు, డీజిల్‌కు డబ్బు ఎవరిస్తారో ముందు చెప్పండి.

ఇసుకదిబ్బ:
పిల్లలను వదిలే పండుగకు షామియానా, మైకు, బొకేలకు పెట్టే డబ్బు ఇటు తిప్పమని అడుగుతాను. ఇస్తారని మాత్రం మాట ఇవ్వలేను. జాలీ లేని బోటులో తాబేలు పడితే ఏం చేద్దాం మరి?

మరబోటు:
గంటకోసారి వల తీద్దాం. మామూలుగా రెండు మూడు గంటలు లాగుతాం, అంతసేపు అది ఊపిరి ఆపుకోలేదు.