జేఈఈ మెయిన్: నాకు 172, పక్కవాడికి 181, షిఫ్టులు వేరు. ఎలా పోల్చుకోవాలి?

ఎంపీసీ సెకండియర్

జనవరి సెషన్ ప్రొవిజనల్ కీ (పరీక్ష పెట్టే ఎన్టీఏ ఇచ్చిన తాత్కాలిక జవాబుల జాబితా) వచ్చింది, నేను పెట్టిన జవాబులుండే రెస్పాన్స్ షీట్ కూడా దించుకున్నాను. కోచింగ్ వాళ్లు పెట్టిన సొల్యూషన్స్‌తో చూసుకుంటే 46 కరెక్టు, 12 తప్పు, 17 వదిలేశాను. కరెక్టుకి 4, తప్పుకి మైనస్ 1, అంటే 172. నాది మధ్యాహ్నం షిఫ్ట్. అంతకుముందు రోజు పొద్దున షిఫ్ట్ రాసినవాడికి 181 వస్తున్నాయి, వాడు నాకంటే ముందున్నట్టేనా? మా షిఫ్ట్‌లో మ్యాథ్స్ చాలా కష్టంగా ఇచ్చారని అందరూ అంటున్నారు. ఇంకో సంగతి, మ్యాథ్స్‌లో ఒక ప్రశ్నకి ఎన్టీఏ కీ తప్పనిపిస్తోంది. 200 కట్టి ఛాలెంజ్ చేయొచ్చా, డబ్బులు దండగా? రిజల్ట్ వచ్చేదాకా ఆగడం కష్టంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పలక బలపం

ముందు ఆ 172 నిజంగా 172 అవునో కాదో తేల్చుకో తమ్ముడూ. కోచింగ్ సొల్యూషన్స్‌తో చూసుకునే లెక్క చాలాసార్లు అటూఇటూ అవుతుంది.

రెస్పాన్స్ షీట్‌లో నువ్వు పెట్టిన జవాబు "చోజెన్ ఆప్షన్: 3" అన్నట్టు ఉంటుంది. ఎన్టీఏ కీలో 1, 2, 3, 4 ఉండవు. క్వశ్చన్ ఐడీ ఉంటుంది, దాని పక్కన సరైన ఆప్షన్ ఐడీ ఉంటుంది, రెండూ పొడుగాటి అంకెలే. ఒక్కో ప్రశ్నకి ఇలా చెయ్యి: షీట్‌లో క్వశ్చన్ ఐడీ చూడు, చోజెన్ ఆప్షన్ నంబర్ చూడు, ఆ నంబర్‌కి ఎదురుగా ఉన్న ఆప్షన్ ఐడీ రాసుకో, దాన్ని కీలో ఉన్న ఐడీతో చివరి అంకె దాకా కలిపి చూడు. ప్రశ్నల వరస, ఆప్షన్ల వరస ఒక్కొక్కరికి ఒక్కోలా కలిపి ఇస్తారు కాబట్టి "నాకూ మూడే, నీకూ మూడే" అనుకుంటే లెక్క తప్పుతుంది. న్యూమరికల్ ప్రశ్నలకి ఈ గొడవ లేదు, కీలో విలువే ఇస్తారు.

జనం ఎక్కువగా పొరబడేవి ఇంకో రెండున్నాయి. స్టేటస్ "మార్క్‌డ్ ఫర్ రివ్యూ" అని ఉన్నా చోజెన్ ఆప్షన్ దగ్గర అంకె ఉంటే దాన్ని దిద్దుతారు, మార్కు పెరిగినా తగ్గినా సరే. రెండోది, న్యూమరికల్ తప్పయినా ఒక మార్కు పోతుంది. ఒకప్పుడు పోయేది కాదు, ఆ పాత మాట పట్టుకుని ఇప్పటికీ చాలామంది 4, 5 మార్కులు ఎక్కువ వేసుకుంటారు. చివర్లో కరెక్టు, తప్పు, వదిలేసినవి కలిపితే 75 రావాలి. రాకపోతే ఎక్కడో ఒకటి జారింది.

ఇక ఛాలెంజ్. ప్రశ్నకి 200, తిరిగి రాదు. డబ్బు కట్టకుండా సబ్మిట్ చేసింది చెల్లదు, ఇచ్చిన గడువు దాటితే మెయిల్ పెట్టినా పట్టించుకోరు. నీ వాదన నిజమైతే ఆ షిఫ్ట్‌లో ఆ ప్రశ్న వచ్చిన అందరికీ మార్పు వర్తిస్తుంది, కాబట్టి మీ షిఫ్ట్ వాళ్లు పదిమంది పది ఛాలెంజ్‌లు వేయనక్కర్లేదు. ఒకరు పూర్తి సాధన రాసి, దానికి ఆధారమైన పుస్తకం పేజీ జతచేసి పంపితే చాలు. "మా సార్ కూడా ఇదే అన్నారు" అనేది ఆధారం కాదు.

కట్టే ముందు ఒక లెక్క వేసుకో. ప్రశ్నే తప్పని తేలి డ్రాప్ చేస్తే షిఫ్ట్‌లో అందరికీ 4 మార్కులు వేస్తారు. తప్పు పెట్టినవాడు మైనస్ ఒకటి నుంచి నాలుగుకి వస్తాడు, అంటే 5 లాభం. వదిలేసినవాడికి 4. పాత కీ ప్రకారం కరెక్టు పెట్టి ఇప్పటికే 4 తెచ్చుకున్నవాడికి పైసా లాభం లేదు. పైగా వెనకవాళ్లు దగ్గరికి వచ్చేస్తారు కాబట్టి వాడి పర్సంటైల్ కొంచెం తగ్గొచ్చు కూడా. డ్రాప్ అనగానే గ్రూపుల్లో పండగ చేసుకుంటారు గానీ అది అందరికీ పండగ కాదు. రెండు ఆప్షన్లు సరైనవని తేలితే మాత్రం ఆ రెండిట్లో ఏది పెట్టినవాళ్లకైనా 4 వస్తాయి.

డెసిమల్

పోలిక సంగతి నేను చెప్తాను. ఒకే షిఫ్ట్ రాసిన ఇద్దరైతే మార్కులే చూసుకోండి, ఎక్కువ వచ్చినవాడు ముందున్నట్టే. షిఫ్టులు వేరైతే 172కీ 181కీ మధ్య పోలికే లేదు, రిజల్ట్ వచ్చాక పర్సంటైళ్లు పోల్చుకోవాలి.

పర్సంటైల్ లెక్క ఇది: నీ షిఫ్ట్‌లో నీకు వచ్చిన మార్కులు గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చినవాళ్లు ఎంతమందో చూసి, ఆ షిఫ్ట్ రాసిన మొత్తం మందితో భాగించి, వందతో గుణిస్తారు. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఉదాహరణకి రెండు షిఫ్టుల్లోనూ లక్ష మంది చొప్పున రాశారనుకో. కష్టమైన షిఫ్ట్‌లో 172 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చినవాళ్లు 98,200 మంది. అక్కడ 172 అంటే 98.2. తేలికైన షిఫ్ట్‌లో 181 దాకా 97,100 మందే ఉన్నారు. అక్కడ 181 అంటే 97.1. తొమ్మిది మార్కులు తక్కువ వచ్చినవాడు ముందుకెళ్లాడు. దీనికి అవతలి వైపూ ఉంది. మీ షిఫ్ట్ కష్టమని మీ గ్రూపులో అనుకోవడం వేరు, రాసినవాళ్లందరి మార్కులూ నిజంగా పడిపోవడం వేరు. మ్యాథ్స్ కష్టమై, కెమిస్ట్రీ మరీ తేలికైతే మొత్తమ్మీద షిఫ్ట్ మామూలుగానే తేలొచ్చు.

ప్రతి షిఫ్ట్‌లోనూ టాప్ మార్కు వచ్చినవాడికి 100 పర్సంటైల్ ఇస్తారు, ఆ టాప్ మార్కు 300 అయినా 285 అయినా. టైలు తగ్గడానికి ఏడు దశాంశ స్థానాల దాకా వేస్తారు.

సబ్జెక్టుల పర్సంటైళ్లు కూడితే, సగటు తీస్తే మొత్తం పర్సంటైల్ రాదు. మొత్తం మార్కుల మీద దాన్ని విడిగా లెక్కిస్తారు. ఫిజిక్స్ 97, కెమిస్ట్రీ 96, మ్యాథ్స్ 97 ఉన్నవాడికి టోటల్ 98 దాటినా ఆశ్చర్యం లేదు, మూడిట్లోనూ నిలకడగా తెచ్చుకునేవాళ్లు తక్కువమంది కదా. స్కోర్‌కార్డ్ తప్పని గోల పెట్టొద్దు.

చివరి బెంచి

షిఫ్ట్ టఫ్ అయితే నార్మలైజేషన్‌లో మార్కులు కలుపుతారని విన్నాను. 15 దాకా కలుపుతారంట కదా?

డెసిమల్

ఎవరూ ఏమీ కలపరండి. మెయిన్‌లో నార్మలైజేషన్ అంటే పైన చెప్పిన పర్సంటైల్ లెక్కే. షిఫ్టుకో పర్సంటైల్ జాబితా తయారవుతుంది, అన్నిటినీ కలిపి ఒక వరసలో పెడతారు. నీ 172 ఎప్పటికీ 172గానే ఉంటుంది.

ఆన్‌లైన్ ప్రెడిక్టర్లూ, గ్రూపుల్లో పెట్టే పోల్‌లూ చూసి నిద్ర చెడగొట్టుకోవద్దు. పోల్‌లో బాగా రాసినవాళ్లే ఉత్సాహంగా మార్కులు చెప్తారు, 60 వచ్చినవాడు నోరు విప్పడు. అందుకే అక్కడ అందరికీ 200 పైనే ఉన్నట్టు కనపడుతుంది.

ఎంపీసీ సెకండియర్

సరే అన్నా. ఒకవేళ 98 వస్తే ర్యాంకు ఎంత ఉంటుంది? ఏప్రిల్ రాస్తే, అందులో తగ్గితే ఇది కూడా పోతుందా?

కౌన్సెలింగ్ కబుర్లు

పోదు. రెండు సెషన్లలో ఏ ఎన్టీఏ స్కోర్ (అంటే మొత్తం పర్సంటైల్) ఎక్కువైతే దాన్నే ర్యాంకుకి తీసుకుంటారు. జనవరి రిజల్ట్‌తో ర్యాంకు ఇవ్వరు, పర్సంటైల్ మాత్రమే. ర్యాంకు ఏప్రిల్ సెషన్ తర్వాత వస్తుంది.

అప్పటిదాకా ఉజ్జాయింపుకి ఒక సూత్రం ఉంది: 100లోంచి పర్సంటైల్ తీసేసి, 100తో భాగించి, రెండు సెషన్లలో కలిపి రాసినవాళ్ల సంఖ్యతో గుణించు. 2025లో అలా పేపర్ 1 (బీటెక్ పేపర్) రాసినవాళ్లు దాదాపు 14.75 లక్షలు. ఆ లెక్కన 98కి 29,500 దరిదాపు, 99కి 14,750, 99.5కి 7,375. పర్సంటైల్లో పదో వంతు తేడా వస్తే దాదాపు 1,475 ర్యాంకులు జరుగుతాయి, అందుకే 97.1నీ 98.2నీ "ఒకటేలే" అనుకోవద్దు, మధ్యలో 16 వేల మంది ఉన్నారు. సూత్రం మరీ గురి తప్పదు: 2025లో అడ్వాన్స్‌డ్‌కి (ఐఐటీల పరీక్ష) జనరల్ కటాఫ్ 93.1021262. సూత్రం ప్రకారం అక్కడ ర్యాంకు 1,01,700 రావాలి, అసలు అక్కడిదాకా ఉన్నవాళ్లు 97 వేల పైచిలుకు. జనవరి రాసినవాళ్ల సంఖ్యతో మాత్రమే గుణిస్తే ర్యాంకు మరీ అందంగా కనపడుతుంది, అది నమ్మొద్దు.

టై పడితే మొదట మ్యాథ్స్ స్కోర్, తర్వాత ఫిజిక్స్, తర్వాత కెమిస్ట్రీ చూస్తారు. అప్పటికీ తేలకపోతే కరెక్టులతో పోలిస్తే తప్పుల నిష్పత్తి ఎవరికి తక్కువో చూస్తారు. ఊరికే గుడ్డిగా పెట్టిన జవాబులు ఇక్కడ కూడా దెబ్బేస్తాయి.

ర్యాంకు వచ్చాక జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కౌన్సెలింగ్) వాళ్లవి, ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పే పాత ఏడాది పట్టికలు తీసి చూస్తారు కదా, అక్కడ అసలు తప్పు జరుగుతుంది. "ఓపెన్" వరసలో ఉన్నవి కామన్ ర్యాంకులు, అంటే అందరినీ కలిపి ఇచ్చేవి. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వరసల్లో ఉన్నవి ఆ కేటగిరీ ర్యాంకులు. ఓబీసీ పిల్లలు తమ కామన్ ర్యాంకు తీసుకెళ్లి ఓబీసీ వరసతో పోల్చి సీటు రాదని ఏడుస్తుంటారు. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రం ఓబీసీ జాబితాలో ఉంటారని కూడా లేదు, ముందే చూసుకోండి. సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నది కావాలి.

ఎన్ఐటీల్లో సగం సీట్లు హోం స్టేట్‌వి. హోం స్టేట్ అంటే సొంతూరు కాదు, ఇంటర్ పాసైన రాష్ట్రం. విజయవాడ పిల్లాడు హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే వరంగల్ ఎన్ఐటీలో హోం స్టేట్ అవుతాడు, తాడేపల్లిగూడెంలో అవడు. జోసాలో వచ్చే ట్రిపుల్ ఐటీలకి ఈ కోటా లేదు (బాసర, నూజివీడు వేరు, అవి పదో తరగతి మీద ఇచ్చేవి).

ఇంటర్‌లో 75 శాతం గానీ, బోర్డు టాప్ 20 పర్సంటైల్ గానీ లేకపోతే ఎన్ఐటీ సీటు చేతికి రాదు. ఎస్సీ, ఎస్టీలకి 65. పర్సంటైల్ 99 ఉన్నా అంతే. కాబట్టి రిజల్ట్ పేజీ రిఫ్రెష్ కొట్టే టైంలో ఇంటర్ ప్రాక్టికల్ రికార్డులు పూర్తి చేసుకో. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకుతో దీన్ని పోల్చొద్దు: అక్కడ 160 ప్రశ్నలు, నెగెటివ్ లేదు, ఏపీలో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ కూడా ఉంది.

ఎంపీసీ సెకండియర్

ఐడీలతో మళ్లీ మొత్తం సరిచూశాను. 45 కరెక్టు, 13 తప్పు, 17 వదిలేసినవి. 167. రివ్యూలో పెట్టిన ఆ మ్యాథ్స్ ప్రశ్న కీలో తప్పు లేదు, నా ఆప్షన్ ఐడీయే వేరు. 200 మిగిలాయి.