సగం కుట్టి వదిలేసిన బొంతకి తెలుగులో పేరుందా?

పోస్టు:
అటక మీద సామాను తగ్గిద్దామని మొదలుపెట్టాం, అందులో రెండు రకాలు బయటపడ్డాయి. మా అత్తయ్యగారు పాత చీరలతో కుడుతూ కుడుతూ ఆపేసిన బొంతలు, నేను యూట్యూబ్ చూసి తెగ ఉత్సాహంగా మొదలెట్టిన క్విల్ట్ ముక్కలు, కవర్లకొద్దీ. పారేద్దామంటే చెయ్యి రాదు, కుడదామంటే ఓపిక లేదు. క్విల్టింగ్ చేసేవాళ్ళు ఇలాంటివాటిని యూఎఫ్‌ఓ అంటారు, అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్ అన్నమాట. మనకి అలాంటి మాటేమైనా ఉందాండీ? నాకు తట్టిందల్లా అతుకుల బొంత, కానీ పేపర్లవాళ్ళు సంకీర్ణ ప్రభుత్వాల్ని తిట్టడానికి దాన్ని వాడి వాడి అరగదీశారు.

కామెంట్:
అతుకుల బొంత పూర్తయిన బొంతేనండీ, సగంది కాదు. ఏళ్ళు వాడాక చిరిగినచోటల్లా గుడ్డ వేసి కుట్టింది. ఇక బొంత అంటే లేమి అన్న అర్థం ఇవాళ్టిది కాదు. భర్తృహరి ‘క్వచిత్ కంథాధారీ’ అన్నదాన్ని ఏనుగు లక్ష్మణకవి 18వ శతాబ్దంలో ‘ఒకచో బొంత ధరించు’ అని తెనిగించాడు, ఆ వెంటనే ‘యోగ్యాంబరశ్రేణి’, అంటే మంచి మంచి బట్టలు, కూడా ఉంటుంది. కార్యసాధకుడికి రెండూ ఒకటేనని. బెంగాలీల కాంథా కూడా ఆ కంథే, అదీ పాత చీరలతో పుట్టిందే, కాకపోతే ఇప్పుడది షోరూముల్లోకి ఎక్కింది, మన బొంత మంచం కిందే ఉండిపోయింది.

జవాబు:
కార్యసాధకుడైతే సగంలో ఎందుకు ఆపుతాడు సార్, హహ. ఆ పద్యం మా అటకకి వర్తించదు.

కామెంట్:
సగం బొంతకు పేరెందుకుంటది మేడమ్, సగం బొంత అనేదే ఉండదు. మా దిక్కు పాత నూలు చీరెలు నాలుగైదు మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పరుస్తరు, చుట్టూ అంచులు దబ్బనంతోని పట్టిస్తరు, అప్పటికే అది బొంత. నడుమ కుట్లు ఎన్ని పడితే అంత గట్టిగుంటది, తక్కువ పడితే లోపటి చీరె ముద్దకడతది, గంతే తేడా. మా అమ్మమ్మ రాత్రి సగం కుట్టిందే పరుచుకొని పండుకునేది, తెల్లారి మళ్ల అదే ముందలేసుకొని కుట్టేది. మీ క్విల్ట్ అట్ల కాదు కదా, పైన ముక్కల పొర, నడుమ దూదిలెక్క బ్యాటింగ్, కింద బ్యాకింగ్, మూడు కలిస్తెనే కప్పుకుంటరు. పైపొర ఒక్కటే ఉంటే చలికి ఆగదు. అందుకే వాళ్లకు ఆ మాట అవసరమైంది, మనకు కాలేదు.

కామెంట్:
గంతకు తగ్గ బొంత అని ఎవరూ అనలేదేంటి?

జవాబు:
అది పెళ్ళి సంబంధాల చర్చలో అనండి అన్నయ్యా, ఇక్కడ కాదు.

పోస్టు పెట్టినావిడ:
దబ్బనం మాట విని పెట్టె మళ్ళీ తెరిచి చూశా. అత్తయ్యగారివి రెండిటికి అంచులు పట్టించేసే ఉన్నాయి, అంటే అవి బొంతలే, ఎండలో వేసి వాడేసుకుంటాం. మూడోదాన్లో మధ్యలో నైలాన్ చీర పెట్టారు, అది జారి జారి ఒక మూలకి చేరి ఉండకట్టింది, దాన్ని మాత్రం విప్పేస్తున్నా, పైన కిందా ఉన్న నూలు చీరలు మెత్తగా ఉన్నాయి, మా ఆడపడుచు కూతురికి నెలలు నిండాయి కాబట్టి పొత్తిగుడ్డలకి పనికొస్తాయి, అంచు ముక్కలు మసిగుడ్డలకి. తలనొప్పల్లా నా క్విల్ట్ ముక్కలతోనే. స్టీలు సామాన్లబ్బాయి నిండు చీరైతే గిన్నె ఇస్తాడట, చదరాలుగా కోసిన కొత్త గుడ్డకి గరిటె కూడా రాదన్నాడు. కొత్త గుడ్డ కొని మరీ ముక్కలు చెయ్యడమేంటమ్మా అని కూడా అన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు.

కామెంట్:
ఆ చదరాలు ఏ సైజండీ? మా వీధిలో టైలరమ్మ కాళ్ళు తుడుచుకునే పట్టలు కుడుతుంది, గుడ్డ ముక్కలు ఉంటే చెప్పమంటోంది.

పోస్టు పెట్టినావిడ:
ఐదంగుళాలవి. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళండి, ఒక్క కవరు మాత్రం ఉంచుకుంటా. కుడతానని కాదు, అందులో ఇండిగో రంగువి ఉన్నాయి.