గ్వాటెమాలా యోగా రిట్రీట్‌లో యువతి అదృశ్యం: మా అక్క అదే సరస్సుకి వెళ్తోంది, ఏం చూసుకోవాలి?

బెజవాడ_బుల్లోడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అక్క బే ఏరియాలో హెచ్1బి మీద ఉంటోంది, పాస్‌పోర్ట్ మన ఇండియాదే. పని ఒత్తిడితో నిద్ర పట్టక ఈమధ్య యోగాలో పడింది, మంచిదే, దాంతో నాకేం పేచీ లేదు. ఇప్పుడు వాళ్ల యోగా టీచర్ గ్వాటెమాలాలో అటిట్లాన్ అనే సరస్సు ఒడ్డున రిట్రీట్ పెడుతోందట, అక్క డబ్బు కూడా కట్టేసింది. ఆ సరస్సు ఎక్కడుందో చూద్దామని వెతికితే ముందుగా కనపడింది 2023 నాటి వార్త. కాలిఫోర్నియా నుంచే, ఇలాంటి యోగా రిట్రీట్‌కే వెళ్లిన ఒక యువతి అక్టోబర్ 19న కయాక్ మీద సరస్సులోకి వెళ్లి తిరిగి రాలేదు. ఇంట్లోవాళ్లు టీవీల్లో వేడుకున్నారు, చందాలు పోగుచేసి సొంతంగా కూడా వెతికించారు. నెలలు గడిచినా ఆచూకీ లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరే. ఆమె ఒంటరిగా వెళ్లలేదు, పక్కనే మనుషులున్నారు. అయినా అసలేం జరిగిందో మొదట్లో తమకి సరిగా ఎవరూ చెప్పలేదని ఇంటివాళ్లు బాధపడ్డారు. చివరిగా చూసిన తోటి మహిళ, గాలి ఎక్కువై తాను ఆమెని కాపాడలేకపోయానని తర్వాతెప్పుడో మీడియాతో చెప్పింది. అంతమంది మధ్య మనిషి ఎలా మాయమవుతుంది? మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఇలా జరిగితే ఎవరు వెతుకుతారు? అక్కని ఆపాలా, పంపితే నిర్వాహకుల్ని ఏం అడగాలి? అమ్మకి ఇంకా చెప్పలేదు, చెబితే ఆవిడకి బీపీ, నాకు తలనొప్పి.

వానచినుకు

మేం ఆ సరస్సుకి వెళ్లాం, కాబట్టి దాని సంగతి చెప్తాను. అది అగ్నిపర్వతం పేలి కూలిన గుంతలో ఏర్పడిన సరస్సు. సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంటుంది, లోతు 300 మీటర్లు దాటుతుంది. ఒడ్డున సాన్ పెద్రో, తోలిమాన్, అటిట్లాన్ అని మూడు అగ్నిపర్వతాలు. పొద్దున చూస్తే నీళ్లు కదలవు, ఈ సరస్సుకి భయపడేవాళ్లు ఉంటారా అనిపిస్తుంది. మధ్యాహ్నం అయ్యేసరికి పసిఫిక్ వైపు నుంచి గాలి లేస్తుంది, దాన్ని అక్కడివాళ్లు షోకోమిల్ అంటారు. గంట ముందు బల్లపరుపుగా ఉన్న నీళ్లు ఎగిరెగిరి పడతాయి.

ఊళ్ల మధ్య తిరగడానికి లాంచాలని చిన్న మోటారు పడవలు ఉంటాయి. మేం మధ్యాహ్నం దాటాక ఒడ్డునున్న పనహాచెల్ అనే ఊళ్లో ఎక్కితే, బయల్దేరకముందే పడవవాడు ముందు వరుసలో కూర్చున్నవాళ్ల ఒళ్లో ఒక నీలం ప్లాస్టిక్ పట్టా పడేశాడు. మాకు అర్థం కాలేదు. పక్కన బుట్టతో ఉన్న ముసలావిడ మాత్రం వెంటనే దాన్ని గడ్డం దాకా లాక్కుంది. సరస్సు మధ్యకి రాగానే పడవ ముక్కు లేచి దబ్బున పడటం మొదలైంది, పడ్డ ప్రతిసారీ నడుం విరిగినంత పని. అది ఇంజన్ ఉన్న పడవ. కయాక్ ఎంత బరువుంటుంది చెప్పండి, పైగా దాని మీద మనిషి లేకపోతే?

ఆ గాలిలో కయాక్ దిగి ఈదితే అదీ ప్రమాదం. ఖాళీ కయాక్ గాలికి పోయే వేగంతో ఈదడం మామూలు మనిషి తరం కాదు. పక్క కయాక్‌లో ఉన్నవాళ్లు తిప్పుకుని వచ్చేలోపు దూరం పెరిగిపోతుంది, అలల మధ్య తల కనపడదు. అంతమంది మధ్య ఎలా మాయమవుతుందంటే ఇలాగే. ఆ కేసులో సరిగ్గా ఇదే జరిగిందని నేననను, కానీ కిడ్నాప్, మాఫియా అని కథలు అల్లేవాళ్లు ముందు ఆ గాలి ఎలా ఉంటుందో చూసి మాట్లాడాలి.

గోదారి_గట్టు

వెతకడం గురించి నేను రాస్తాను. "ఇంత టెక్నాలజీ పెట్టుకుని సరస్సులో మనిషిని వెతకలేరా" అని అందరూ అడుగుతారు. 2019 సెప్టెంబర్ 15న మా కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల టూరిస్టు బోటు మునిగినప్పుడు కూడా ఇదే అడిగారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ వచ్చింది, నేవీ సోనార్లతో (శబ్దంతో నీటి అడుగు వెతికే యంత్రాలు) వచ్చింది, బోటు ఎక్కడుందో అంచనా కూడా దొరికింది. చివరికి అంత పెద్ద బోటుని కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం లంగర్లు, ఇనప తాళ్లు వేసి బయటికి లాగింది అక్టోబర్ 22న. నెల దాటింది. అక్కడ లోతు రెండు మూడొందల అడుగులు, అటిట్లాన్‌లో వెయ్యి అడుగులు దాటి. మామూలు ట్యాంకు కట్టుకున్న డైవర్ అందులో పదో వంతు దాటి దిగాలంటేనే ఆలోచిస్తాడు.

ఇంకోటి, వినడానికి బాధగా ఉంటుంది కానీ చెప్పాలి. మునిగిన మనిషి రెండు మూడు రోజులకి పైకి తేలడం మన చెరువుల్లో, కాలవల్లో చూసిన లెక్క. మరీ లోతుకి వెళ్తే పైనున్న నీటి ఒత్తిడికి శరీరంలో పుట్టే గ్యాస్ అణిగిపోతుంది, తేలకపోవచ్చు. కాలిఫోర్నియా సరిహద్దులోని లేక్ తాహో సరస్సు మీ అక్కకి తెలిసే ఉంటుంది. అక్కడ 1994లో మునిగిన డైవర్ 2011లో దొరికాడు, 265 అడుగుల లోతులో, 17 ఏళ్ల తర్వాత. తాహో నీళ్లు చల్లన కాబట్టి శరీరం చెడలేదు. "దొరకలేదంటే ఎవరో ఎత్తుకుపోయారు" అనే లెక్క నీళ్ల దగ్గర పనికిరాదు.

పైగా 2023 అక్టోబర్ అక్కడ మామూలు నెల కూడా కాదు. అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన అరెవలోని పదవిలోకి రానివ్వకుండా అడ్డుపడుతున్నారని, అటార్నీ జనరల్ పోరాస్ దిగిపోవాలని ఆదివాసీ సంఘాలు దేశమంతా రోడ్లు దిగ్బంధం చేసిన రోజులవి. మనుషులు, సామాన్లు సరస్సు దాకా చేరడమే కష్టం. మొదటి గంటల్లో దిగాల్సిన బలగం ఆలస్యమైతే తర్వాత హెలికాప్టర్ తెచ్చినా పెద్దగా ఒరిగేది ఉండదు.

దిల్‌సుఖ్‌నగర్_దాదా

ఎందుకు బ్రదర్ ఈ రిస్క్, క్యాన్సిల్ చేయించు. యోగా పుట్టిందే ఇక్కడ, గ్వాటెమాలా దాకా పోవాలా?

వలస_పక్షి

దాదా గారూ, డబ్బు కట్టిన ఆడమనిషికి తమ్ముడు ఫోన్ చేసి "వెళ్లకు" అంటే ఏం జరుగుతుందో మీకు తెలియనట్టుంది.

బుల్లోడు గారూ, పాస్‌పోర్ట్ సంగతి బాగా అడిగారు, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఆ యువతి అమెరికా పౌరురాలు, కాబట్టి అమెరికా విదేశాంగ శాఖ పట్టించుకుంది. మీ అక్క పదేళ్లు కాలిఫోర్నియాలో పన్ను కట్టినా, చివరికి గ్రీన్ కార్డ్ ఉన్నా సరే, విదేశంలో ఆపద వస్తే ఆవిడ తరఫున మాట్లాడాల్సింది భారత ఎంబసీ. గ్వాటెమాలా సిటీలో మన ఎంబసీ ఉంది, అది అదృష్టం. ఆ ఎమర్జెన్సీ నంబరు అక్క ఫోన్‌లో కాదు, మీ ఫోన్‌లో ఉండాలి, ఎందుకంటే కనపడకుండా పోయిన మనిషి ఫోన్ చేయలేదు. మన విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. కానీ ఏ ఎంబసీ అయినా డైవర్లని పంపదు. పోలీసుల్ని తొందరపెడుతుంది, ఆసుపత్రుల్లో వాకబు చేస్తుంది, లాయర్ల జాబితా ఇస్తుంది, మీకు కబురు చెప్తుంది. వెతకాల్సింది ఆ దేశం వాళ్లే.

గ్వాటెమాలాలో ఆడవాళ్లు కనపడకపోతే వెంటనే వెతుకులాట మొదలుపెట్టడానికి ఇసబెల్-క్లాదీనా అలర్ట్ అని 2016లో చట్టమే చేశారు. 24 గంటలు ఆగమని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పి గట్టిగా అడగొచ్చు. టూరిస్టులకి సాయం చేసే ప్రోఆటూర్ నంబరు 1500. ఇవి రెండూ కాగితం మీద రాసి మీ అక్క రూమ్‌మేట్‌కి ఇవ్వమనండి. మీరు బెజవాడలో నిద్ర లేచేసరికి అక్కడ చీకటి పడుతుంది, కాబట్టి మొదటి ఫోన్ పక్కన ఉన్న మనిషే చేయాలి.

ఇంకా ముందుకెళ్తే, తప్పిపోయిన మనిషి కోసం దేశాల పోలీసులకి పంపే ఇంటర్‌పోల్ యెల్లో నోటీస్ ఉంటుంది, మన వైపు నుంచి అది సీబీఐ ద్వారా వెళ్తుంది. దానికి ఊళ్లో పోలీస్ ఫిర్యాదు కావాలి. మనిషి దొరకకపోతే డెత్ సర్టిఫికెట్ ఉండదు. మన చట్టంలో ఏడేళ్లు ఏ కబురూ లేకపోతేనే చనిపోయినట్టు లెక్క (పాత ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 108, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 111). కాలిఫోర్నియాలో అది ఐదేళ్లు. ఈలోపు బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు, ఇంటి లోను అన్నీ అలాగే వేలాడతాయి. నామినీ పేర్లు సరిగా ఉన్నాయో లేదో వెళ్లేముందే చూసుకోమనండి. అపశకునం అనుకోకండి, అది రిట్రీట్‌కి వెళ్లనివాళ్లు కూడా చేసుకోవాల్సిన పని.

నల్లగొండ_పిల్ల

నేను వనస్థలిపురం దగ్గర ధమ్మఖేత్త అనే కేంద్రంల పది రోజుల విపశ్యన ధ్యానం చేసిన. అక్కడ కూడా ఫోన్ తీసుకుంటరు, మాట్లాడనియ్యరు. మొదట్ల నాకు కూడా భయమైంది. కానీ ఇంటి నంబరు రాసుకుంటరు, గేటు దాటాలంటే చెప్పి పోవాలె, పొద్దున ధ్యానానికి రాకపోతే మనిషిని పంపి తలుపు కొట్టిస్తరు. అంటే మనిషి లేదన్న సంగతి వాళ్లకి గంటలోపే తెలుస్తది.

ఈ విదేశీ రిట్రీట్లల్ల చాలావాటికి సొంత జాగా ఉండదు. టీచర్ ఒక్కామె, హోటల్ ఇంకొకరిది, కయాక్ మూడోవాడిది. ఖాళీ టైమ్‌ల పోయిన దానికి మాకు సంబంధం లేదని ముందే సంతకం పెట్టించుకుంటరు. మీ అక్కని ఆ కాగితం పూర్తిగా చదవమని చెప్పండి, ముఖ్యంగా "సొంత పూచీ" అన్న భాగం. ఖాళీ టైమ్‌ల ఎవరు ఎక్కడికి పోయిండ్రో రాసుకునేటోళ్లు ఎవరని అడగాలె. నా దృష్టిల సరస్సు కన్నా ఈ లెక్క లేకపోవుడే పెద్ద ప్రమాదం.

ఇంకొకటి. ఆ సరస్సు ఒడ్డున సాన్ మార్కోస్ అనే ఊర్ల కకావో (చాక్లెట్ చేసే గింజలు) పానీయం తాగే సెరిమనీలు, ఇంకా ఏవేవో "మొక్కల మందులు" కూడా దొరుకుతయంటరు. నిద్ర పట్టక డిప్రెషన్ గోలీలు ఏమైనా వాడుతుంటే అయహువాస్కా (భ్రమలు కలిగించే మొక్కల కషాయం) లాంటివి అస్సలు ముట్టొద్దు, రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తది. ఇది మా ఆసుపత్రిల చెప్పే మాటే, నేను నర్సుని.

బెజవాడ_బుల్లోడు

అందరికీ చాలా థాంక్స్. నిన్న అక్కతో మాట్లాడాను. ముందు నా మీద ఎగిరింది, తర్వాత ఆ కాగితం తీసి చదివింది. నల్లగొండ అక్క చెప్పినట్టే ఉంది, ఖాళీ సమయంలో చేసే పనులన్నీ సొంత పూచీ అని. కయాక్‌లు ఎవరివని టీచర్‌కి మెయిల్ పెడితే "హోటల్ వాళ్లు ఏర్పాటు చేస్తారు, చాలా సేఫ్" అని ఒక లైను జవాబు, కింద నమస్తే బొమ్మ. ఇది సరిపోతుందా?

వానచినుకు

సరిపోదు. నేరుగా హోటల్‌కి రాయమనండి. లైఫ్ జాకెట్ అందరికీ ఉందా, అది వేసుకోకపోతే పంపరా, గాలి లేస్తే తీసుకురావడానికి మోటారు పడవ ఒడ్డున సిద్ధంగా ఉంటుందా, దాన్ని నడిపేవాడు ఆ సమయంలో అక్కడే ఉంటాడా. వీటికి సూటిగా జవాబు వస్తే పొద్దున పదిలోపు వెళ్లి రమ్మనండి, జాకెట్ విప్పొద్దు, మధ్యలో దిగి ఈదొద్దు. తిరిగి వచ్చే గంట రూమ్‌మేట్‌కి చెప్పి వెళ్లాలి, ఆ గంట దాటితే ఆమె హోటల్ వాళ్లని లేపాలి. జవాబు రాకపోతే యోగా చేసుకుని, పొద్దున లాంచా ఎక్కి సరస్సు ఒడ్డునే ఉన్న సాంతియాగో ఊరి సంతకి వెళ్లి రమ్మనండి, నేత బట్టలు చాలా బాగుంటాయి. బేరం ఆడాలి మాత్రం.