కాంప్లెక్స్, కాంప్లికేటెడ్: రెండూ ఒకే దారం పోగులా?

నమస్కారమండీ. మాది నరసాపురం పక్కన పల్లెటూరు. మా అమ్మ లేసు అల్లుతుంది. మొన్న దారం ఉండ మంచం కిందికి దొర్లి పిల్లి పాలైంది. దీపాలు పెట్టేవేళ దాకా అమ్మా నేనూ చిక్కు తీస్తూనే ఉన్నాం. "కొస దొరికితే చాల్రా, మిగతాది అదే వస్తుంది" అంటుంది అమ్మ. పక్కనే చదువుకుంటున్న మా అమ్మాయి, పదో తరగతి, అడిగింది: "నాన్నా, ఇంగ్లీషులో చిక్కు మాటలన్నీ దారంలోంచే వచ్చాయా?"

డిక్షనరీ తిరగేస్తే కొంత తేలింది. కాంప్లెక్స్ వెనక లాటిన్ 'ప్లెక్టెరె' ఉంది, అంటే జడలా అల్లడం. పర్‌ప్లెక్స్ (తికమక పెట్టడం) కూడా అందులోంచే. కాంప్లికేట్‌లో మాత్రం 'ప్లికారె', మడత పెట్టడం. క్లూ అంటే మొదట్లో దారం ఉండేనట! (గ్రీకు కథలో థీసియస్ అనే వీరుడు చిక్కుదారుల భవనంలోంచి బయటపడింది దారం ఉండ పట్టుకునే.) మన జటిలం మాత్రం తక్కువా, జడలు కట్టిన జుట్టులోంచి వచ్చింది.

నాకు ముడి పడింది రావెల్ దగ్గర. డచ్ నుంచి వచ్చిన ఈ మాటకు చిక్కుపడటం, చిక్కు విప్పడం రెండూ అర్థాలే. అన్‌రావెల్ అన్నా విప్పడమే! ఇదెలా? అంచు ఊడితే బట్ట విడిపోతుంది, పోగులేమో చిక్కుపడతాయి. అలా వచ్చిందని నా ఊహ. సరైనదేనా? ఇంకోటి, టాంగిల్ అని ఒక సముద్రపు నాచు కూడా ఉందట. చిక్కు టాంగిల్‌కీ దానికీ చుట్టరికం ఉందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, పిల్ల రోజూ అడుగుతోంది.