స్టెయిన్‌ని ఆపింది రూలా, ఆయన ఆటేనా? "దేశానికి ముగ్గురే" మీద మీ మాట చెప్పండి

అలిపిరి నడక

అందరికీ నమస్తే. రెండు వారాల నించి ఇదే మనసులో తిరగతా ఉంది. ఇంట్లో చెప్తే ఎప్పుడో పోయిన రష్యా ఆయన గురించి నీకెందుకు అంటా ఉండారు, అందుకే ఈడ పెడతా ఉండా.

లియోనిద్ స్టెయిన్ అని సోవియట్ చెస్ గ్రాండ్‌మాస్టర్, 1934లో ఉక్రెయిన్‌లో పుట్టినాడు. 1963, 1965, మళ్ళీ 1966-67, మొత్తం మూడు సార్లు సోవియట్ చాంపియన్. ఆ రోజుల్లో సోవియట్ చాంపియన్‌షిప్ అంటే వరల్డ్ చాంపియన్‌షిప్ కంటే కష్టం అనేవాళ్ళు ఉండారు, నేనూ అదే అంటాను. 1967లో మాస్కో టోర్నీలో పెట్రోసియన్, స్పాస్కీ, తాల్, స్మిస్లోవ్, కెరెస్ అందరూ కూచుంటే ఫస్ట్ వచ్చింది ఈయన. అట్లాంటి మనిషి వరల్డ్ టైటిల్‌కి ముందు మెట్టు అయిన క్యాండిడేట్స్‌లో జీవితంలో ఒక్క గేమ్ కూడా ఆడలేదు.

ఎందుకంటే అప్పట్లో ఇంటర్‌జోనల్ అనే టోర్నీ నించి ఆరుగురిని పైకి తీసుకునేవాళ్ళు, కానీ ఒక దేశం నించి ముగ్గురికి మించి పోకూడదని రూల్. 1964 ఆమ్‌స్టర్‌డామ్ లెక్క చూడండి. స్మిస్లోవ్, డెన్మార్క్ లార్సెన్, స్పాస్కీ, తాల్ నలుగురూ 17 పాయింట్లతో పైన. స్టెయిన్ 16.5తో ఐదో స్థానం. బ్రాన్‌స్టీన్ 16తో ఆరు. పైన ముగ్గురు సోవియట్ వాళ్ళు అయిపోయినారు కాబట్టి వీళ్ళిద్దరూ ఇంటికి. వాళ్ళ బదులు పోయింది 15 పాయింట్ల ఇవ్‌కోవ్, 14.5 పాయింట్ల పోర్టిష్. స్టెయిన్ కంటే రెండు పాయింట్లు తక్కువ తెచ్చుకున్నాయన పైకి పోయినాడు, స్టెయిన్ పోలేదు! అంతకు ముందు 1962 స్టాక్‌హోమ్‌లో కూడా బెంకో, గ్లిగోరిచ్‌తో సమానంగా 13.5 తెచ్చుకుని ఇదే రూల్‌తో ఆగిపోయినాడు.

1973 జూలై 4న మాస్కోలో రోసియా హోటల్‌లో గుండె ఆగి పోయినాడు. ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊర్లో యూరప్ టీమ్ పోటీలకి బయల్దేరాల్సిన మనిషి. 38 ఏండ్లు.

నా ప్రశ్న ఒకటే. ఆ రూల్ న్యాయమా? నా దృష్టిలో పచ్చి అన్యాయం.

కాణిపాకం కుర్రోడు

అన్నా, బాధ అర్థమయింది కానీ ఒక ముక్క వదిలేసినావు. 1967 సూస్ ఇంటర్‌జోనల్. ఆ సారి రూల్ ఆయన్ని ఆపలేదు కదా. హోర్ట్, రెషెవ్‌స్కీ, స్టెయిన్ ముగ్గురూ ఆరో స్థానంలో సమానం అయితే 1968లో లాస్ ఏంజెలెస్‌లో ప్లేఆఫ్ పెట్టినారు, ఆడ కూడా ముగ్గురికీ 4 పాయింట్లే, టై బ్రేక్‌తో రెషెవ్‌స్కీ పోయినాడు. ఇంకొక్క గేమ్ గెల్చుంటే స్టెయినే పోయేవాడు. 1970 పాల్మా ఇంటర్‌జోనల్‌కి ఆయన రానే లేదు. అంటే రెండు సార్లు రూల్, రెండు సార్లు ఆయన ఆట, అంతా రూల్ మీద వేస్తే ఎట్ల?

స్పాస్కీని చూడు. 1958 సోవియట్ చాంపియన్‌షిప్‌లో ఆఖరి రౌండ్లో తాల్ చేతిలో ఓడి ఇంటర్‌జోనల్ మిస్, 1961లో ఆఖరి రౌండ్లో ఎవరి చేతిలో ఓడినాడు? ఇదే స్టెయిన్ చేతిలో! మళ్ళీ మిస్. అయినా నిలబడినాడు, 1969లో వరల్డ్ చాంపియన్ అయినాడు. గట్టోడు ఎట్లాగైనా పైకి వస్తాడు.

అలిపిరి నడక

తమ్ముడూ స్పాస్కీ ఓడినాడు, అందుకని ఆగినాడు. దాన్ని నేను ఒప్పుకుంటా, బోర్డు మీద ఓడితే ఎవర్నీ అడగనక్కర్లేదు. స్టెయిన్ 1964లో ఓడలేదు కదా, ఐదో స్థానం తెచ్చుకున్నాడు, ఆరు సీట్లు ఉండాయి. రెండూ ఒకటి ఎట్లా అయితాయి.

సూస్ విషయం కరెక్టే, అది ఆటలో జరిగింది, నేను దాన్ని రూల్ మీద వేయను. కానీ నాలుగు సార్లలో రెండు సార్లు నీ తప్పు లేకుండా తలుపు మూసేస్తే మిగిలిన రెండు సార్ల మీద ఎంత బరువు పడతాదో ఆలోచించు.

పలమనేరు మాస్టారు

నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్ని, సాయంత్రం పూట పిల్లోళ్ళకి చెస్ నేర్పిస్తా ఉంటా, కాబట్టి నా మాట కాస్త ఓపికగా చదవండి.

ఆ రూల్ ఎందుకొచ్చిందో చెప్పకుండా అన్యాయం అనేస్తే సగం కథే చెప్పినట్టు. సోవియట్ వాళ్ళని వదిలేస్తే క్యాండిడేట్స్ మొత్తం వాళ్ళ ఇంటి టోర్నీ అయ్యేది. అట్ల గుంపుగా ఉంటే ఏమైతాదో 1962లో క్యురసావ్ క్యాండిడేట్స్‌లో అందరూ చూసినారు, పెట్రోసియన్, గెల్లర్, కెరెస్ ముగ్గురూ తమలో తాము ఆడిన 12 గేములూ డ్రా. పన్నెండుకి పన్నెండు. అమెరికా ఆటగాడు ఫిషర్ బహిరంగంగానే కుమ్మక్కు అన్నాడు.

ఇంకోటి, ఆ 14.5 పోర్టిష్‌ని తక్కువ చేసి మాట్లాడినారు. హంగరీ ఆయన. ఆ అవకాశంతో మొదలుపెట్టి మొత్తం ఎనిమిది సార్లు క్యాండిడేట్స్‌కి పోయినాడు. చిన్న దేశం మనిషికి ఒక సీటు ఇస్తే ఏమైతాదో చెప్పడానికి అంతకంటే ఏం కావాల?

మన కాడికి రండి. స్టేట్ సెలెక్షన్‌కి జిల్లాకి ఇంత మంది అని లెక్క లేకపోతే మా పలమనేరు, కుప్పం పిల్లోళ్ళు ఒక్కరైనా పోతారా? మొత్తం విజయవాడ, గుంటూరు, వైజాగ్ అకాడెమీల పిల్లోళ్ళే. గంటకి వెయ్యి రూపాయలు ఇచ్చి ఆన్‌లైన్‌లో గ్రాండ్‌మాస్టర్ దగ్గర నేర్చుకునే పిల్లోడితో, నా దగ్గర నలుగురికి ఒక బోర్డు పెట్టుకుని నేర్చుకునే పిల్లోడు సమానంగా యాడ ఆడతాడు? ఎంసెట్‌లో ఎస్వీయూ లోకల్ అని 85 శాతం లేకపోయుంటే ఈడ ఉండే వాళ్ళలో ఎంతమందికి సీట్లు వచ్చేవో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఈ4 ఈ5

మాస్టారుకి ఒక చిన్న డౌటు. క్యురసావ్ గొడవ తర్వాత ఫిడే, అంటే ప్రపంచ చెస్ సంఘం, ఏం చేసింది? టోర్నీ పద్ధతి తీసేసి 1965 నించి క్యాండిడేట్స్‌ని నాకౌట్ మ్యాచులుగా మార్చేసింది. ఇద్దరే ఎదురెదురు కూచుంటే కుమ్మక్కు చేసి మూడో మనిషిని ముంచేది యాడుంది? అంటే జబ్బుకి మందు అప్పుడే వేసేసినారు. వేసినాక కూడా 1964లో ముగ్గురి రూల్ ఎందుకు ఉంచినారు అనేది అసలు ప్రశ్న.

ఆ మ్యాచుల్లో ఏమయిందో కూడా చెప్తా. తాల్ 5.5-2.5 తో పోర్టిష్‌ని, లార్సెన్ 5.5-2.5 తో ఇవ్‌కోవ్‌ని ఓడించినారు. ఇద్దరూ మొదటి మెట్టులోనే అవుట్. స్టెయిన్ అయితే గెలిచేవాడా అంటే చెప్పలేను, కానీ ఆ రెండేండ్లలో ఆయన ఫామ్ చూస్తే మ్యాచ్ ఇంకా టైట్‌గా ఉండేది అని నా నమ్మకం.

ఇప్పటి కథ వినండి, అందరూ మర్చిపోతా ఉండారు. 2024 టొరంటో క్యాండిడేట్స్‌కి మనోళ్ళు ముగ్గురు. ప్రజ్ఞానంద 2023 వరల్డ్ కప్‌లో రన్నరప్‌గా, విదిత్ గ్రాండ్ స్విస్ అనే టోర్నీ గెలిచి ముందే క్వాలిఫై అయినారు. గుకేష్ ఆఖర్లో, డిసెంబర్‌లో, ఫిడే సర్క్యూట్ (ఏడాదంతా టోర్నీల్లో తెచ్చుకున్న పాయింట్ల లెక్క) ద్వారా వచ్చినాడు. ఇండియా నించి మూడో మనిషి. అదే "దేశానికి ఇద్దరే" అని రూల్ ఉండుంటే? గుకేష్ చెన్నైలో ఇంట్లో కూచుని చూసేవాడు. ఆ మూడో మనిషే టొరంటోలో 14కి 9 పాయింట్లతో గెలిచి, డిసెంబర్ 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని 7.5-6.5 తో ఓడించి వరల్డ్ చాంపియన్ అయినాడు. వాళ్ళ పూర్వీకులది మన సత్యవేడు పక్కనే, తిరుపతి జిల్లా.

కుమ్మక్కు భయానికి ఇప్పుడేం చేసినారంటే ఒకే దేశం వాళ్ళకి గేములు టోర్నీ రెండు సగాల్లోనూ మొదట్లోనే పెట్టేసినారు. మొదటి రౌండ్ గుకేష్-విదిత్, రెండో రౌండ్ గుకేష్-ప్రజ్ఞానంద, మూడో రౌండ్ ప్రజ్ఞానంద-విదిత్, రెండో సగంలో కూడా అంతే. అయిపోయింది. ఎవర్నీ ఇంటికి పంపనక్కర్లేదు.

పలమనేరు మాస్టారు

గుకేష్ ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు, నిజం ఒప్పుకుంటా ఉండా. పైన ఆట అట్ల పెట్టొచ్చు. కింద, పిల్లోళ్ళ దగ్గర, నా మాట మీదే ఉండా.

కాళహస్తి అక్క

నాకు ఈ టోర్నీల పేర్లు అన్నీ తెలీవు కానీ ఒకటి అడగతా. ఆయన పోయినప్పుడు 38 అన్నారు కదా, టెన్షన్ ఆట కాబట్టి గుండె జబ్బు వచ్చిందా? మా బాబు టోర్నీ ముందు రోజు అన్నం తినడు, రాత్రి రెండు దాకా ఫోన్‌లో బ్లిట్జ్, అదే నిమిషాల్లో అయిపోయే చెస్, ఆడతాడు. భయమేస్తాది.

ఈ4 ఈ5

అక్కా దాన్ని చెస్ మీద వేయలేం. అజర్‌బైజాన్ వుగార్ గషిమోవ్ ఉండాడు, ప్రపంచంలో ఆరో ర్యాంక్ దాకా పోయి 2014 జనవరిలో 27 ఏండ్లకే పోయినాడు, బ్రెయిన్ ట్యూమర్. అది ఆట వల్ల కాదు. ఎన్నో మంది గ్రాండ్‌మాస్టర్లు ముసలితనం దాకా ఆడినారు, ఈ కథలో ఉండే స్మిస్లోవ్, అదే కాలం సోవియట్ ఆటగాడు కోర్చ్‌నోయ్ ఇద్దరూ ఎనభై దాటినారు. బాబు విషయంలో మాత్రం రాత్రి బ్లిట్జ్ ఆపించండి, పొద్దున నాలుగు గంటల సేపు గేమ్ ముందర కూచోవాల్సిన పిల్లోడికి నిద్రే మొదటి ఓపెనింగ్.

అలిపిరి నడక

మాస్టారూ, మీ మాట చదివి నిన్నంతా జవాబు రాయలేకపోయినా. మీరు చెప్పింది తప్పు అని నేను అనలేను. అందుకే నేను ఈ టాపిక్ ఎందుకు పెట్టినానో దాచకుండా చెప్తా.

మా పాపకి పదేండ్లు. జిల్లా సెలెక్షన్లు ఒక స్కూల్లో జరిగినాయి. ఆఖరి రౌండ్ అయినాక ర్యాంకింగ్ షీట్ వరండాలో గోడకి అతికించినారు, పిల్లోళ్ళంతా ఎగబడినారు. మా పాప వేలు పెట్టి పై నించి లెక్క పెట్టింది, ఒకటి, రెండు, మూడు. మూడో దాని మీద వేలు అట్లే ఉంచేసింది. జిల్లాకి ఇద్దరే. అర పాయింట్ తేడా. "నాయనా, పక్క జిల్లాలో ఫస్ట్ వచ్చిన అమ్మాయిని నేను పోయిన నెల గెలిచినా కదా, ఆ అమ్మాయి పోతాది నేను పోకూడదా" అనింది. నేనేం చెప్పాల? వచ్చే సంవత్సరం పోదువులేమ్మా అన్నా.

ఆ మాట అన్నాకే స్టెయిన్ గుర్తొచ్చినాడు. ఆయనకీ అదే చెప్పింటారు, మూడేండ్లు ఆగు, మళ్ళీ ఇంటర్‌జోనల్ వస్తాది, నువ్వు చిన్నోడివే అని. 1964లో ఆయనకి 29. ముందు చాలా టైమ్ ఉంది అని అందరూ అనుకున్నారు. తొమ్మిదేండ్లే ఉండింది. చెస్ ఒలింపియాడ్‌కి 1964లో, 1966లో టీమ్‌లో వేసుకుని గోల్డ్ మెడల్స్ తెచ్చుకోడానికి పనికొచ్చినాడు, సొంతంగా పైకి పోయే దారిలో మాత్రం ఆగు అన్నారు. రూల్ రాసేవాళ్ళు ఎప్పుడూ టైమ్ ఊరికే దొరికేదే అన్నట్టు రాస్తారు. అండర్ 11 కి వచ్చే సంవత్సరం మా పాపకి వయసు దాటిపోతాది, మాస్టారూ. ఆ సీటు మళ్ళీ రాదు.

మీ పలమనేరు పిల్లోళ్ళ సీటు తీసేయమని నేను అడగడం లేదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు చిత్తూరు ఒకటి, తిరుపతి ఒకటి అయినాయి, సీట్లు రెట్టింపు అయినాయి, అది మంచిదే. జిల్లాకి ఇద్దరిని ఉంచండి, దాని పైన పాయింట్లు, రేటింగ్ చూసి రాష్ట్రం మొత్తం మీద ఓ పది సీట్లు ఓపెన్‌గా పెట్టండి, ఏ జిల్లా అయినా సరే. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడా ఆరు సీట్లు ఎనిమిది చేసుంటే ఇవ్‌కోవ్ పోయేవాడు, పోర్టిష్ పోయేవాడు, స్టెయిన్, బ్రాన్‌స్టీన్ కూడా పోయేవాళ్ళు. ఎవరి నోటి కాడ కూడూ తీయకుండా అయ్యేది.

కాణిపాకం కుర్రోడు

ఇది ముందే చెప్పుంటే నేను అంత గట్టిగా మాట్లాడుండను అన్నా. ఒక మాట, నేషనల్స్‌లో డబ్బు కట్టి స్పెషల్ ఎంట్రీ అని పంపిస్తారు కదా, ఎక్కువ ఫీజు కట్టగలిగినోళ్ళకి కోటా అడ్డమే కాదు. ఆగిపోయేది డబ్బు లేని మూడో పిల్లోడే. ఇది నేను కళ్ళారా చూసినా, మా ఫ్రెండ్ తమ్ముడికి ఇట్లే జరిగింది, వాడు ఆ తర్వాత బోర్డు ముట్టలేదు.

పలమనేరు మాస్టారు

స్పెషల్ ఎంట్రీ విషయంలో నువ్వు నూటికి నూరు పాళ్ళు కరెక్ట్ నాయనా. నేను మాట్లాడే కోటా పేదోడికి, అది మాత్రం ఉండేటోడికి. రెండూ ఒకే చోట ఉండడం నాకూ నచ్చదు.

అలిపిరి సార్, ఓపెన్ సీట్లు పెట్టడం ఒప్పుకుంటా, జిల్లా సీట్లు ముట్టకుంటే. ఇద్దరం కలిసి ఒక అర్జీ రాద్దాం, తెలుగులో, ఒక పేజీలో, ఆమ్‌స్టర్‌డామ్ పట్టిక కూడా అందులో పెడదాం, ఎవరైనా చూస్తే ఒక్క చూపులో అర్థమయ్యేట్టు.

మా దగ్గర ఒక పాప ఉంది, ఎనిమిదో తరగతి, వాళ్ళ నాయన టమోటా మండీలో హమాలీ. మొన్న జిల్లాలో రెండోది వచ్చింది. కింగ్స్ ఇండియన్ తప్ప వేరే ఓపెనింగ్ తెలీదు, అది మాత్రం బాగా ఆడతాది, సెంటర్ మొత్తం వదిలేసి గుర్రం ఎఫ్6, బిషప్ జి7 పెట్టుకుని కూచుంటాది, ఎదుటోళ్ళు గెలిచేసినాం అనుకునేప్పుడు మొదలుపెడతాది. మీ పాపని ఒక ఆదివారం తీసుకురండి, ఇద్దరూ క్లాక్ పెట్టుకుని ఆడతారు. తిరుపతి నించి పొద్దున ఆరుకి బస్సు ఎక్కితే తొమ్మిదిన్నర లోపల వచ్చేస్తారు.

అలిపిరి నడక

తప్పకుండా వస్తాం మాస్టారూ. స్టెయిన్ కూడా కింగ్స్ ఇండియనే ఎక్కువ ఆడేవాడు, ఆయన గేములు నాలుగు ప్రింట్ తీసి తెస్తా, ఇద్దరికీ ఇద్దాం. అర్జీ ఆడే కూచుని రాద్దాం. పాప ఇప్పుడే అడగతా ఉంది, ఆ అక్క తెల్లవి తీసుకుంటాదా, నల్లవా అని.