ఎలుకల తనిఖీ వివరాలు భవనం చిరునామాతో సహా బయటపెట్టాలా?

వేపచెట్టు: న్యూయార్క్ ఆరోగ్యశాఖ ఎలుకల తనిఖీ ఫలితాలను చిరునామాతో సహా ఆన్‌లైన్ మ్యాపులో పెడుతుంది. ఏ తేదీన చూశారు, ఎలుకల జాడ కనిపించిందా అన్నది ఎవరైనా చూసుకోవచ్చు. ప్రతి నగరమూ ఇలా చేయాలంటాను. జనం డబ్బుతో చేసే పనికి జనానికి లెక్క చెప్పొద్దా?

నిలువుగీత: నేనొప్పుకోను. మ్యాపులో ఎర్రచుక్క పడితే ఆ భవనంలో అద్దెకెవరు దిగుతారు? చెత్త పక్కవాడిది, నష్టం ఓనరుది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది. నగరం మొత్తమ్మీద ఎన్ని చంపారో చెబితే సరిపోదా?

లెక్కలపిచ్చి: సరిపోదండీ. అసలు అన్నిటికంటే మోసం చేసే అంకె అదే. 1902లో హనోయ్‌లో ఫ్రెంచి పాలకులు తోకకు ఇంతని డబ్బిచ్చారు. తోకలు కుప్పలు పడ్డాయి, వీధుల్లో తోకల్లేని ఎలుకలూ తిరిగాయి! చంపేస్తే మళ్లీ పిల్లల్ని పెట్టదు కదా, అందుకే ఎలుకలు పట్టేవాళ్లు తోక కోసి వదిలేశారు. నిజంగా చంపినా అంతే. కడుపుతో ఉన్న ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది, రెండు మూడు నెలలకల్లా ఆ పిల్లలూ ఈతకొస్తాయి. చెత్త బయటే ఉంటే ఖాళీ అయిన కలుగు నిండటం ఎంతసేపు?

ఫిర్యాదుల సంఖ్యా అలాంటిదే. కొత్త యాప్ తెస్తే ఫిర్యాదులు పెరుగుతాయి. చెప్పీచెప్పీ విసిగి మానేసిన వీధి కాగితం మీద శుభ్రంగా ఉంటుంది.

నాకు నమ్మకం తనిఖీ మీదే. కలుగు నోట్లో నలిపిన కాగితం కుక్కి, మర్నాడు వెళ్లి చూస్తారు. కాగితం బయటికి తోసేసి ఉంటే లోపల ఎలుక ఉన్నట్టే. గోడ వెంబడి జిడ్డు మరకలు, ఇంకా మెత్తగా మెరుస్తున్న పెంటికలు చూస్తారు. ఇవన్నీ రాయాలి. మందు పెట్టాక మళ్లీ ఏ రోజున వెళ్లి చూశారో కూడా రాయాలి. ఆ రెండో తేదీ లేని నివేదిక నాకక్కర్లేదు.

నిలువుగీత: 2025లో 16 నగరాల మీద ఒక అధ్యయనం వచ్చింది. 11 చోట్ల ఎలుకలు పెరిగాయనీ, టోక్యో లాంటి 3 చోట్ల తగ్గాయనీ తేల్చింది. మీరు కొట్టిపారేసిన ఫిర్యాదులు కూడా వాళ్ల లెక్కలో ఉన్నాయి మరి.

లెక్కలపిచ్చి: ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో రాసిపెట్టినవైతే పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలుస్తుంది. పోయిన నెల పెట్టిన మందు పనిచేసిందా అంటే మాత్రం ఫిర్యాదులు చెప్పలేవు.

వేపచెట్టు: ఏ మందు, ఎక్కడ పెట్టారో కూడా చెప్పాలి. న్యూయార్క్ జంతుప్రదర్శనశాల నుంచి బయటపడ్డ ఫ్లాకో అనే గుడ్లగూబ 2024లో చనిపోతే దాని ఒంట్లో ఎలుకల మందులు కూడా దొరికాయి.

నిలువుగీత: మందు సంగతి చెప్పండి, కాదనను. కానీ జాడ పోయిన రోజున ఆ ఎర్రచుక్క తీసేస్తారా లేదా?

లెక్కలపిచ్చి: తీయకూడదు. పక్కనే తేదీతో పచ్చచుక్క వేయాలి. ఒకేచోట పదేపదే ఎర్రబడుతుంటే అక్కడ డ్రైనేజీ పైపు పగిలిందేమో తవ్వి చూడాలని ఆ పాత చుక్కల వల్లే తెలుస్తుంది.