సమస్య (ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించండి): పెంటలోన దొరకె పేరు నాకు

మోడరేటర్: రేషన్ క్యూలో "పెంటమ్మా!" అని పిలిస్తే ఓ పెద్దావిడ పలికింది. పక్కనున్న మనవరాలు "ఈ పేరెవరు పెట్టారే నీకు?" అంది. అక్కడే పాదం తట్టింది. ఎగతాళి పూరణలు వద్దు.

గోదారిగట్టు:
పుట్టి పోవుచుండ పురిటిబిడ్డ లకట
కుప్పమీద నన్ను కొంతసేపు
ఉంచి తెచ్చె నవ్వ యూపిరి నిలువంగ
పెంటలోన దొరకె పేరు నాకు

మా తాత పెంటయ్య. ముందు పుట్టినవాళ్లు దక్కలేదని ఆయన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకున్నారట. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు వదిలేస్తుందని నమ్మకం. ఎంగిలి విస్తళ్లలో దొర్లిస్తే పుల్లయ్య, భిక్షమెత్తి పెంచితే బిచ్చమ్మ.

పాలమూరు పద్యం: 'పురిటిబిడ్డ లకట' దగ్గర గొంతు పట్టేసింది గురువుగారూ. కానీ 'కొంతసేపు ఉంచి' ఏమిటి? ఉకారం మీద అచ్చొస్తే ఉత్వసంధి నిత్యం కదా, కలపక తప్పదు! 'పెట్టి తెచ్చె నవ్వ పేగు నిల్పుకొనగ' అంటే సంధీ కుదిరేది, బరువూ పెరిగేది. నాది:

నల్లమలకు బోతి నాయనమ్మ నడుగ
మద్దిచెట్టు నీడ మాట చెప్పె
పెంట యన్న నిచట పేడ కాదు మనూరు
పెంటలోన దొరకె పేరు నాకు

అమ్రాబాద్ అడవిలో అప్పాపూర్ పెంట లాంటివన్నీ చెంచుల ఊళ్లే.

గోదారిగట్టు: పాదాంతంలో విసంధి, అంటే సంధి చేయకుండా వదలడం, ఈరోజుల్లో ఎవరు వాడట్లేదండీ? సంధి పాఠం చెప్పి మీరే 'మనూరు' అన్నారు, 'మనయూరు' కదా! చెంచుపెంట విరుపు మాత్రం అద్భుతం. అన్నట్టు, మొన్నటి గుంటూరు మస్తాన్ దర్గా పూరణలో మీ మూడో పాదానికి యతి, అదే తొలి అక్షరానికి కుదరాల్సిన మైత్రి, ఏదీ?

పాలమూరు పద్యం: తొలి అక్షరానికి బదులు రెండో అక్షరాన్ని కలిపే ప్రాసయతి అని అప్పుడే రాశాను. 'మనూరు' నాయనమ్మ నోటిమాట, దాన్ని దిద్దను.

సిక్కోలు చిన్నది: ఆ మస్తాన్ పద్యం నాకు నోటికొచ్చు! దర్గాకు మొక్కుకుని కన్న హిందువులూ మస్తాన్‌రావు, మస్తానమ్మ అని పెట్టుకుంటారు కదా, ఆ తల్లి మొక్కు కళ్లకు కట్టింది. మావైపు తవిటమ్మలు, తవిటినాయుళ్లు ఎక్కువ. బిడ్డను తవుడుకు అమ్మినట్టు చేసి మళ్లీ తెచ్చుకునేవారు. స్కూల్లో హాజరు పిలిస్తే తలదించుకునే మా తవిటక్క, అమ్మ ఈ సంగతి చెప్పాక పేరు మార్పు దరఖాస్తు చింపేసింది.

మోడరేటర్: 'మనూరు' ఉండనివ్వండి. 'పేగు నిల్పుకొనగ' సవరణకే నా ఓటు. సిక్కోలు అమ్మాయి పుణ్యాన వచ్చే సమస్య కూడా దొరికింది:

తవుడు పోసి నన్ను తల్లి కొనియె